రాగి ఊళ్లో పొయ్యి

"మా ఆవిడ ఇంకా తయారు కాలే అన్నా. ఆమె సంగతి తెలుసు గద... ఆ, ఆ, ఇప్పుడే దిగుతం" అని ఫోన్ పెట్టేసి నర్సింగ్ కన్నుకొట్టాడు. అప్పటికింకా అతను లుంగీ మీదే ఉన్నాడు, చెంప మీద దిండు గీతలు కూడా పోలేదు. వంటగది గడపలో పీట వేసుకుని ఉల్లిగడ్డలు కోస్తున్న శ్రీవాణి మాత్రం ఎప్పుడో తలస్నానం చేసి, పసుపుపచ్చ చీర కట్టి, కొంగు బొడ్లో దోపుకుని ఉంది.

"అబద్ధాలకోరు" అని ఉల్లిపొట్టు అతని మీదికి విసిరింది. అతను పొట్టు ఏరుకుని తల మీద కిరీటంలా పెట్టుకున్నాడు. ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. ఉల్లిగడ్డల వల్ల వచ్చిన కన్నీళ్లలోనే నవ్వు కన్నీళ్లూ కలిసిపోయాయి.

పెళ్లయి ఈ అరబ్బు దేశానికి, మబేలాకు వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. ఇంకా ప్రతిదీ పండగలాగే ఉంది శ్రీవాణికి. బాల్కనీలోంచి కనపడే చెట్టన్నది లేని కొండల వరస, పొద్దున ఊదారంగులో ఉండి మధ్యాహ్నానికి కాల్చిన ఇటుక రంగుకు తిరగడం, కింద కాఫీషాపు ముందు కారు ఆపి హారన్ కొడితే చాయ్ కారు దగ్గరికే నడిచి రావడం, రాత్రి అతను డ్యూటీ నుంచి రాగానే షూ విప్పకముందే "ఏం చేసినవ్ ఇయ్యాల?" అని అడగడం. అడిగినందుకే ఆమెకు ఒళ్లంతా పులకరింత. చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. అయినా చెప్పేది. కరీంనగర్‌లో చరిత్ర ఎమ్మే చదివిన పిల్ల, కొత్తిమీర కట్టకు చుట్టిన ఈతాకు పీలిక గురించి కూడా కథలా చెప్పేది.

ఈ రోజు మరీ ప్రత్యేకం. మబేలాలో ఉండే మనవాళ్ల కుటుంబాలన్నీ కలిసి చలికాలంలో ఒక శుక్రవారం బస్సు మాట్లాడుకుని ఎటైనా వెళ్తాయి. ఆ ఏడాది కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల, వెళ్లిన చోట కట్టెల పొయ్యి మీద బగారన్నం, కోడికూర వండి బస్సులో అందరికీ పెట్టాలి. దానికి "కొత్త కోడలి బువ్వ" అని పేరు. ఈ ఆనవాయితీ మొదలుపెట్టింది లింబాద్రి. నర్సింగ్ పెద్దనాన్న కొడుకు, అదే కంపెనీలో ట్రాన్స్‌పోర్ట్ చూసుకుంటాడు, నర్సింగ్‌కు వీసా తీసిచ్చిన మనిషి. వచ్చిన వారానికే ఇంటికొచ్చి, "ఈసారి నీ వంతు పిల్లా, మా తమ్ముని పరువు నీ గరిటెల ఉన్నది" అని చెప్పిపోయాడు. శ్రీవాణికి అదీ సంబరమే అయింది. పైగా ఈసారి వెళ్లేది సొహార్ వెనక కొండల్లో వెయ్యేళ్ల నాటి రాగి గనుల ఊరికి. పుస్తకాల్లో చదివిన ఊళ్లు తప్ప, తన కాళ్లతో తొక్కిన పాత ఊరు ఆమెకు ఒక్కటీ లేదు. ఆ ఊరు చూడటం కోసమే కొత్త కాన్వాస్ బూట్లు కొనిపించుకుంది. చీర కింద తెల్ల బూట్లు చూసి నర్సింగ్, "ఆటల పోటీలకు పోయే టీచరమ్మ లెక్క ఉన్నవ్" అన్నాడు. దానికీ నవ్వింది.

బస్సులోకి ఎక్కగానే గంగాధరం చప్పట్లు కొట్టాడు. పెళ్లికి ముందు నర్సింగ్ ఉన్న రూమ్‌లో పక్క మంచం అతనిది.

"వచ్చిందిరో వదిన! ఏం వదినా, గింత లేటా? మావోన్ని నిద్ర గూడ లేవనిస్తలేవట?"

"నేనా?" అని నర్సింగ్ వైపు చూసింది. అతను కిటికీ పరదా సర్దుకుంటున్నాడు.

"నీ కర్ఫ్యూకు దండం వదినా. పత్తాలాటకు రారా అంటే మా ఆమె తిడతదంటడు. ఆదివారం క్రికెట్‌కు రారా అంటే మా ఆమె వద్దన్నదంటడు. ఒకప్పుడు ఇదే మనిషి కోడికూర వండితే పక్క రూమ్ పాకిస్తానోళ్లు గిన్నెలు పట్టుకొని లైన్ల నిలబడేటోళ్లు. ఇప్పుడు గరిటె పట్టుడే మర్చిండు."

బస్సంతా నవ్వింది. శ్రీవాణి కూడా నవ్వింది కానీ, ఆ నవ్వు కొసన ఏదో చిన్న ముల్లు తగిలింది. పత్తాల పేకాట సంగతి ఆమెకు తెలియనే తెలియదు. క్రికెట్ మాట అసలు ఆమె ముందుకే రాలేదు. "నేనెప్పుడన్న?" అని చెవిలో అడిగితే, "ఊకో, పోబుద్ధి కాలే. నీ పేరు చెప్తే ఎవలూ బలవంతం చెయ్యరు" అని కొంగు కింద ఆమె చిటికెన వేలు పట్టుకున్నాడు. ఆ వేలు పట్టుకుంటే ఆమెకు ఇంకేదీ గుర్తుండదు. కిటికీ అవతల సముద్రం ఉండి ఉండి మెరుస్తోంది. ఖర్జూరపు తోటలు, మసీదు మినార్లు, మెడ చాచి రోడ్డును చూస్తున్న ఒంటె. ఒక్కదాన్నీ వదలకుండా చూసింది.

సొహార్‌లో గైడ్ ఎక్కింది. పేరు బద్రియా. శ్రీవాణి వయసే ఉంటుంది. నల్ల అబాయా కింద మట్టి కొట్టుకుపోయిన బూట్లు. రెండు జతల బూట్లూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి, ఇద్దరూ నవ్వుకున్నారు. చిన్నప్పటినుంచీ సినిమాలు చూసీ చూసీ హిందీ దంచేస్తోంది ఆ పిల్ల. రోడ్డు సముద్రాన్ని వదిలి కొండల్లోకి తిరిగాక మైకు పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. ఈ కొండల్లో రాగి తవ్వేవారు, ఇక్కడే కరిగించేవారు, ఓడల్లో దూరదేశాలకు పంపేవారు. కరిగించడానికి కట్టెలు, కట్టెల కోసం చెట్లు. చెట్లు అయిపోయాకే ఊరూ అయిపోయిందంటారు. బస్సులో సగం మంది నిద్రలో ఉన్నారు. శ్రీవాణి ముందు సీట్లోకి వెళ్లి కూర్చుంది. గనిలోకి గాలి ఎలా వెళ్లేది? నీళ్లు ఎక్కడివి? ఆడవాళ్లు కూడా ఉండేవాళ్లా? బద్రియా మైకు పక్కన పెట్టేసి ఆమెకే చెప్పసాగింది. చివరికి, "పైకి వెళ్లేటప్పుడు నువ్వు నా పక్కనే నడువు. గని నోరు దగ్గర నీకు ఒకటి చూపించాలి" అంది. శ్రీవాణి వెనక్కి తిరిగి నర్సింగ్‌కు చెయ్యి ఊపింది. బడిలో బహుమతి వచ్చిన పిల్లలా.

బస్సు దిగగానే బద్రియా పర్మిషన్ కాగితం చూపించడానికి కాపలావాళ్ల గదికి వెళ్లింది. వాలు నిండా బొగ్గుకుప్పల్లాంటి నల్లని గుట్టలు, ఎండకు గాజులా మెరుస్తున్నాయి. అవి రాళ్లు కావు, రాగి కరిగించగా మిగిలిన చిట్టెం అని బస్సులోనే విన్నది శ్రీవాణి. వెయ్యేళ్ల కింద ఎవరో మండించిన మంటల మిగులు. ముట్టుకోవాలని చెయ్యి చాచి, ముట్టుకోవచ్చో లేదో అడగాలని ఆగిపోయింది.

"అరె తమ్మీ, ఇగో! రెడీమేడ్ పొయ్యి!" అని లింబాద్రి కేక పెట్టాడు.

వాలు మొదట్లో, మోకాలెత్తున రాళ్లు గుండ్రంగా పేర్చి, లోపల మట్టి మెత్తి, ఎర్రగా కాలిపోయిన గుంట ఉంది. గాలికి అడ్డంగా గుట్ట, ముందు కట్టెలు తోసేందుకు సందు. ఊళ్లో పెళ్లివంటలకు తవ్వే గాడిపొయ్యి చూసిన ఏ మనిషికైనా చెయ్యి ఊరుకోదు. గంగాధరం కట్టెల మోపు దించాడు. వంట దేగిశా కుదురుకోవడం లేదని లింబాద్రి గుట్ట మీది నల్లని ముద్దలు మూడు ఏరి అంచున ఒత్తి పెట్టాడు.

"బావా, వద్దు" అంది శ్రీవాణి. "ఇది మనం పొయ్యి పెట్టేటిది కాదు. వాళ్ల కొలిమి లెక్క ఉన్నది. అగో, చుట్టూ తాడు కట్టి ఉండె, తెగి పడ్డది. ఆ పిల్ల వచ్చేదాక ఆగుండ్రి."

"చూడుండ్రి, ఎమ్మే పాసైన కోడలు!" అని లింబాద్రి నవ్వాడు. "పొయ్యి గూడ పుస్తకం సూసి పెట్టాల్నట."

"వాణీ, జర ఊకో" అన్నాడు నర్సింగ్. లింబాద్రి ముందు అతని గొంతు ఎప్పుడూ ఒక మెట్టు దిగే ఉంటుంది. "ఉల్లిగడ్డలు తీసుకరా పో." అని వంగి అగ్గిపుల్ల గీశాడు.

పొగ పైకి లేచిందో లేదో బద్రియా పరిగెత్తుకుంటూ వచ్చింది. మొదట అరబ్బీలో, తర్వాత హిందీలో అరిచింది. వాటర్ క్యాన్ లాక్కుని తనే మంట మీద కుమ్మరించింది. కాలిన మట్టి చుయ్యిమని పొగలు కక్కింది. మెత్తిన గోడలోంచి అరచేయంత పెచ్చు ఊడి తడి బూడిదలో పడింది. వెయ్యేళ్లు నిలబడింది ఊడిపడటానికి అంతే సేపు పట్టింది. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఎవరు చేశారిది? నేను పైవాళ్లకు చెప్పక తప్పదు. పేరు కావాలి. మంట పెట్టినవాళ్లు పైకి రారు, కాపలావాళ్లు వచ్చేదాకా ఇక్కడే ఉండాలి. ఎవరు?"

లింబాద్రి నర్సింగ్ వైపు చూశాడు. ఆ చూపు శ్రీవాణి చూసింది. నర్సింగ్ ఒకడుగు ముందుకు వేశాడు. ఒక్క క్షణం ఆమెకు గర్వంగా అనిపించింది.

"మేడమ్, మేరీ బీవీ నయీ హై" అన్నాడు. "ఉస్కో మాలూమ్ నహీ థా. మాఫ్ కర్ దో." మా ఆవిడ కొత్త, తెలియక చేసింది, క్షమించమని.

బద్రియా తల తిప్పి శ్రీవాణిని చూసింది. కోపంతో కాదు. ఇందాక తన పక్కన కూర్చుని ఇన్ని అడిగిన మనిషివి, నువ్వా, అన్నట్టు చూసింది.

లింబాద్రి చప్పున దగ్గరికొచ్చి, తెలుగులో, నవ్వు మొహం చెక్కు చెదరకుండా, గొంతు తగ్గించి అన్నాడు: "జర సారీ చెప్పు పిల్లా. ఆడమనిషి అంటే వదిలేస్తరు. వాని పేరు పోతే కంపెనీ దాక పోతది, ఫోర్‌మన్ అయ్యే టైముల మచ్చ పడతది. నీకేం డ్యూటీ ఉన్నదా, కంపెనీ ఉన్నదా? నీకు పోయేదేమున్నది? ఎట్లాగు వంట కాడ ఉండేదానివే గద."

నీకు పోయేదేమున్నది. శ్రీవాణికి ఆ మాట కొత్తగా అనిపించలేదు, ఎప్పటినుంచో వింటున్నట్టే అనిపించింది. అత్తగారు ఫోన్లో "మావోనికి ఎదురు చెప్పుడు రాదు బిడ్డా, నువ్వే మీద ఏసుకోవాలె" అన్నప్పుడు, ఎంత మంచి కొడుకునిచ్చావమ్మా అని మురిసిపోయింది తను. డ్యూటీకి లేటయిన రోజున అతను సూపర్‌వైజర్‌తో "వైఫ్‌కి ఒంట్లో బాగాలేదు సార్" అంటుంటే, పక్కనుంచి దగ్గి మరీ సాయం చేసింది తను. ఆ రోజు ఇద్దరూ మంచం మీద పడి ఎంత నవ్వారని. పత్తాలకు వెళ్లకపోతే తను. క్రికెట్‌కు వెళ్లకపోతే తను. లేటైతే తను. ఇంతమందిలో తనకు గయ్యాళి అనే పేరు రావడానికి తను నోరు విప్పాల్సిన పని కూడా లేకపోయింది. అన్నం వండటం, బట్టలు ఆరేయడం కనపడే పనులు. ఇది కనపడని పని: అతను ఎవరికీ చెడు కాకుండా ఉండటం కోసం తను అందరికీ చెడు అవుతూ ఉండటం. అతను చెడ్డవాడా అంటే కాదు. అదే ఏడుపొచ్చే సంగతి. నిద్రలో కూడా దుప్పటి తన మీదికి సర్దే మనిషి. ఇప్పుడు ఊ అంటే రాత్రికి తన పాదాలు ఒళ్లో పెట్టుకుని, నువ్వు లేకపోతే ఏమైపోదును వాణీ అంటాడు, నిజంగానే అంటాడు. ఊ అనడానికి ఎంతసేపు? కానీ బద్రియా ఫోన్ తీసి, పేరు రాసుకోవడానికి వేలు ఎత్తి పట్టుకుని ఉంది. ఆ వేలు చూస్తుంటే శ్రీవాణికి ఒక్కసారిగా తెలిసింది. ఈ దేశంలో తన పేరు ఇంకా ఎక్కడా లేదు. ఇంటి అద్దె అగ్రిమెంట్ మీద లేదు, కరెంటు బిల్లు మీద లేదు. ఉన్న ఒక్క రెసిడెన్స్ కార్డు మీదా పక్కన అతని పేరుంటేనే తన పేరుకు విలువ. మొట్టమొదటిసారి తన పేరంటూ రాయబోతున్నది ఇక్కడే. తనకు నచ్చిన ఒక పిల్ల ఫోన్లో, వెయ్యేళ్ల కొలిమిని పాడుచేసిన మనిషిగా.

"నేను కాదు" అంది హిందీలో. "పొయ్యి నేను పెట్టలేదు. పెట్టొద్దని చెప్పాను. అగ్గిపుల్ల నా చేతిలో లేదు."

"మరి ఎవరు?"

"వాళ్లే చెప్తారు."

"వాణీ..." అన్నాడు నర్సింగ్.

అందరి ముందే అతని వైపు తిరిగింది. "ఇన్ని దినాలు నా పేరు చెప్పినవ్. నవ్విన. ఇప్పుడు నీ పేరు నువ్వే చెప్పు. నేను చెప్ప, నువ్వే చెప్పు."

నర్సింగ్ చెవులు ఎర్రబడ్డాయి. లింబాద్రి వైపు చూశాడు, అతను బస్సు టైర్ల వైపు చూస్తున్నాడు. గంగాధరం వైపు చూశాడు, అతను కట్టెల మోపు మళ్లీ కడుతున్నాడు. చివరికి నేలను చూస్తూ, "నర్సింగ్" అన్నాడు. "మేనే జలాయా మేడమ్. నామ్ నర్సింగ్."

విచిత్రం ఏమిటంటే ఆ క్షణంలోనే శ్రీవాణికి అతని మీద మునుపెన్నడూ లేనంత ప్రేమ వచ్చింది. అతని పేరు అతని నోట్లో అంత బాగుంటుందని ఆమెకు తెలియదు. కంపెనీ దాకా పోతే ఏమవుతుందో అన్న భయం కూడా పక్కనే ఉంది. రెండూ ఉన్నాయి. అయినా అన్న మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

బద్రియా పేరు రాసుకుంది. నిజం చెప్పాడని కూడా రాస్తానంది. అక్కడ మంట పెట్టడానికి వీల్లేదు, వంట కావాలంటే కింద రోడ్డు పక్కన, గ్యాస్ మీద చేసుకోండి అంది. అవసరానికని తెచ్చుకున్న గ్యాస్ పొయ్యి బస్సు డిక్కీలో ఉంది. మిగతావాళ్లు పిల్లల్ని తీసుకుని గుట్టెక్కడానికి కదిలారు.

"చదువుకున్న పిల్లను చేసుకోవద్దని చెప్పిన, ఇన్నవా?" అని లింబాద్రి పైకే అన్నాడు.

లింబాద్రి భార్య దేవవ్వ శ్రీవాణి దారికి అడ్డం వచ్చి నిలబడింది. "మొగని పేరు నలుగుట్ల చెప్పించినవ్. మంచిగనిపిచ్చిందా చెల్లె?"

"మంచిగనే ఉన్నది అక్కా."

"నీ నోరు చల్లగుండ" అంది దేవవ్వ, తిట్టో దీవెనో తెలియకుండా. ఆనక తన భుజం మీది తువ్వాల తీసి ఆమె చేతిలో కుక్కింది. "పైన ఎండ మండుతది. నెత్తికి కప్పుకో. పో."

గుట్ట మీద గాలి శుభ్రంగా కోస్తోంది. శ్రీవాణి చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, తువ్వాల తలకు చుట్టుకుని, బద్రియా పక్కన నడిచింది. కొంత దూరం పోయాక దారి పక్కన నడుమ గుంట పడ్డ రాయి ఒకటి చూపించింది బద్రియా. రాగి ముడిరాయిని దంచి పిండి చేసిన రాయి. అచ్చం రోలే. ఎవరు దంచేవాళ్లు అని అడిగితే, ఎవరో తెలియదు, దంచినవాళ్ల గురించి ఎవరూ రాయలేదు అంది. శ్రీవాణి ముట్టుకోవచ్చా అని అడిగి, ఆ గుంటలో అరచెయ్యి ఆనించింది. ఎండకు వెచ్చగా, ఏళ్ల తరబడి దెబ్బలకు నున్నగా ఉంది. ఎవరిదో ఒళ్లునొప్పి ఇంత నున్నగా మిగిలిందని అనుకుంది.

గని నోరు కొండ పక్కన నల్లగా తెరుచుకుని ఉంది. బద్రియా చూపిస్తానన్నది అదిగో: గోడ మీద పచ్చని చారలు, వానలో తడిసిన చిలక రెక్కలు ఆరేసినట్టు. రాగి తుప్పు పట్టిన పచ్చ. శ్రీవాణి నోట్లోంచి "అబ్బ!" అని అరుపు వచ్చింది, లోపలినుంచి అది రెండింతలై తిరిగొచ్చింది. బద్రియా నవ్వేసింది. ఇందాకటి చూపు ఆ నవ్వులో కరిగిపోయింది.

ఫోన్ మోగింది. నర్సింగ్.

"ఎక్కడున్నవ్?"

"గని కాడ. నర్సింగ్, పచ్చగ ఉన్నదే! నువ్వు చూడాలె అసలు."

"కాపలాయన వచ్చి మాట్లాడి పోయిండు. ఫొటో తీసుకున్నడు. కంపెనీకి ఫోన్ వస్తదో రాదో తెల్వది. అన్న నాతోని సక్కగ మాట్లాడుతలేడు. కోడి కడిగి పెట్టిన. నువ్వు జల్ది దిగిరా."

"నేను ఇంకా లోపలికి పోలే. అంత చూసినంకనే వస్త. నీకు వండొస్తది గద, వండు."

"వండుతగని... అందరు దిగొచ్చి కొత్త కోడలు ఎందుకు వండలే అంటే? అన్న ఇప్పటికే అడుగుతున్నడు. ఏం చెప్పాలె? తలనొప్పి అని చెప్పనా?"

"తలనొప్పి లేదు."

"కాలు బెణికిందని చెప్త."

"కాలు మంచిగున్నది. గుట్టెక్కి వచ్చిన."

"మరేం చెప్పాలె వాణీ?" అతని గొంతులో కోపం లేదు. నిజంగానే తెలియక అడుగుతున్నాడు. ఇన్నాళ్లూ సాకులతోనే బతికిన మనిషికి చేతిలో సాకు లేకపోతే ఎక్కడ పెట్టుకోవాలో తెలియని చేతులు.

"ఆమెకు చూడాలని ఉండె, పోయింది అని చెప్పు."

అవతల గ్యాస్ పొయ్యి బుస్సుమంటోంది.

"గంతేనా?"

"గంతే" అంది శ్రీవాణి.